రాయి వానకు, ఇటుక నిప్పుకు

బెంగళూరు దగ్గర దేవనహళ్లి, నందికొండ వైపు ఈమధ్య తోట ఇళ్లు బాగా లేచాయి. తెలిసినవాళ్లు ఎవరైనా భోజనానికి పిలిస్తే సంతోషంగా వెళ్తాను. పెరట్లో రాతితో కట్టిన చలిమంట గూడు కనిపిస్తే మాత్రం మర్యాద పక్కనపెట్టి, ముందు అందులోకి తల దూర్చి వెనక గోడ చూస్తాను. చాలాచోట్ల అదే దృశ్యం. గ్రానైటు పెచ్చులు పెచ్చులుగా రాలి, గోడ నడుమ గుంత పడి, కింద బూడిదలో రాతి ముక్కలు కలిసి ఉంటాయి. “కట్టించి రెండేళ్లు కాలేదండీ, నాసిరకం రాయి అంటగట్టారు” అని ఇంటివాళ్లు వాపోతారు. రాయి మంచిదే. పెట్టకూడని చోట పెట్టారు, అంతే.

నా ఉద్యోగమంతా పీణ్య పారిశ్రామికవాడలో ఒక ఫౌండ్రీలో గడిచింది. ఇనుము కరిగించే కొలిమి లోపల ఇటుకలు పేర్పించడం, అవి అరిగినప్పుడు ఊడబీకించి మళ్లీ పేర్పించడం నా పని. అందుకే, హొసకోటె దగ్గర ఇల్లు కట్టుకుంటున్న మా అల్లుడుగారు “మామయ్యా, పెరట్లో రాతి ఫైర్‌ప్లేస్ కావాలి, మా పిల్లల కాలానికి కూడా నిలవాలి” అన్నప్పుడు, రిటైరైన మనిషికి పని దొరికిందని మా ఆవిడ నవ్వింది.

ఆయన ఫోనులో దాచుకున్న ఫొటోలన్నీ మంచు కురిసే దేశాలవి. అక్కడి పుస్తకాలు, చలికాలంలో నేల ఎంత లోతు గడ్డకడుతుందో చూసి పునాదిని అంతకన్నా కిందికి దింపమంటాయి. బెంగళూరులో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. కాబట్టి ఆ అధ్యాయం మనకు అక్కర్లేదు. మన దగ్గర గూటిని పాడుచేసేవి లోపలి మంట, బయటి వాన. మంట కాచే వస్తువు ఒకటి, వాన కాచే వస్తువు ఇంకొకటి ఉండాలి. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి లాగకుండా, నెట్టకుండా పక్కపక్కన నిలబడాలి. నేను అల్లుడుగారితో పేచీ పడ్డదంతా దీని గురించే.

ఆయన వాదన ఇది: “లాల్‌బాగ్ బండ మూడు వందల కోట్ల ఏళ్లుగా అలాగే ఉంది కదా మామయ్యా. ఆ జాతి రాయికి మన చలిమంట ఒక లెక్కా?”

బండ వయసు గురించి ఆయన చెప్పింది నిజమే. కెంపేగౌడ గోపురం నిలబడి ఉన్న ఆ బండను జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు కూడా. కానీ దాని మీద రోజూ ఎవరూ కట్టెలు పేర్చి అంటించలేదు. గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం కలిసి ఉంటాయి. వేడి తగిలితే ఒక్కొక్కటి ఒక్కో మేరకు సాగుతుంది. అది చాలదన్నట్టు, 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ లోపలి అమరికే మారిపోయి ఒక్కసారిగా ఉబ్బుతుంది. నిప్పుకణికలు ఎర్రగా రగిలేచోట ఆ వేడి దాటడం పెద్ద విషయం కాదు. మంట వైపు పొర ఉబ్బుతుంది, వెనక రాయి చల్లగా ఉంటుంది. ఆ రెంటి మధ్య చీలిక పుట్టి పెచ్చు లేస్తుంది.

ఈ సంగతి బెంగళూరు రాతి పనివాళ్లకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. మాకు దొరికిన మేస్త్రీ పూర్వీకులు అనంతపురం వైపు నుంచి వచ్చారట. ఇక్కడి రాతి పనివాళ్లలో చాలామందిలాగే ఆయన కూడా ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడతాడు. నేను క్వార్ట్జ్ గురించి మొదలుపెడితే సగంలో ఆపాడు.

“మా తాత మందుగుండు వాడలేదు సార్. బండ మీద కట్టెలు వరసగా పేర్చి మంటపెట్టి, ఆ మంటను మెల్లగా ముందుకు జరుపుకుంటూ పోయేవాడు. వెనకాలే సుత్తితో తట్టి వినేవాడు. డొల్ల శబ్దం వచ్చిందంటే కింద పలక విడిచినట్టు. అలా లేపిన పలకలే ఇవన్నీ” అని రోడ్డు అవతలి పాత కాంపౌండులోని రాతి పలకలను చూపించాడు. “మంటతో రాయి విడిపోతుందని మాకు తెలియదా? ఇంటివాళ్లు లోపల కూడా రాయే కనిపించాలంటారు. మేం పెడతాం.”

అల్లుడుగారు ఆ తరువాత లాల్‌బాగ్ ఊసెత్తలేదు.

గ్రానైటు కాకపోతే నునుపైన కడప బండ పరుద్దామని మధ్యలో ఒకరు సలహా ఇచ్చారు. అది సున్నపురాయి. కడప, నంద్యాల జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ జాతి రాయితోనే. దాన్ని గట్టిగా కాలిస్తే సున్నమవుతుంది, అంతకుముందే పగుళ్లిస్తుంది. ఇక ఏటి గుండ్రాళ్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ, నీళ్లలో నానిన రాయిని మంటలో పెట్టడం ప్రమాదం. సందుల్లో చిక్కిన నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. దారి దొరక్కపోతే రాయి పేలుతుంది. నిజంగా మంటకు ఓర్చే రాయి ఒకటుంది, మన పెద్దవాళ్లు రాచిప్పలు చేయించుకున్న బలపపు రాయి. అందులో క్వార్ట్జ్ బహు తక్కువ, అందుకే పొయ్యి మీద పులుసు కాగినా పగలదు. బేలూరు, హళేబీడు శిల్పాలు చెక్కిందీ ఆ కుటుంబపు మెత్తని రాతి మీదే. గూడంతటికీ దాన్ని తెప్పించాలంటే మాత్రం ఆస్తులు రాసివ్వాలి. ఫైర్‌బ్రిక్, అంటే కొలిమిలో వాడే మంటకు ఓర్చే ఇటుక, ఉండగా ఆ అవస్థ ఎందుకు?

చోటు విషయంలో నాకు అనుకోని సాయం దొరికింది. వియ్యపురాలు నిప్పు ఆగ్నేయంలోనే ఉండాలన్నారు. అల్లుడుగారికి హాలు కిటికీలోంచి మంట కనిపించాలి. నాకు కావలసింది గాలి. బెంగళూరులో చలికాలం గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. గూటి నోరు అటు తిప్పితే, ముందు కూర్చున్నవాళ్ల వీపును గాలి తాకుతుంది, పొగ వాళ్ల మొహానికి రాకుండా లోపలికి, పైకి పోతుంది. జూన్ నుంచి నైరుతి వాన వీపు వైపు కొడుతుంది, లోపలికి పడదు. అలా ఆగ్నేయ భాగంలో ఈశాన్యం చూసేట్టు నిలబెట్టాం. కాంపౌండు గోడకు ఆనించి కడితే ఒక వైపు రాయి మిగులుతుందని మేస్త్రీ ఆశపడ్డాడు. ఒప్పుకోలేదు. ఆ గోడ పునాది వేరు, బరువు వేరు. రెండూ వేరువేరుగా దిగితే మధ్యలో చీలిక తప్పదు.

పునాది గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎర్రనేల తవ్వుకుంటూ గట్టి మొరం తగిలేదాకా వెళ్లాం. అడుగున సన్నపాటి కాంక్రీటు, దాని మీద ఆరంగుళాల మందాన ఇనుప చువ్వలు వేసిన పలక, గూటి కొలత కన్నా అన్ని వైపులా ఆరంగుళాలు ఎక్కువగా. రాతి కట్టుబడి ఘనపుటడుగుకు 70 కిలోల దాకా తూగుతుంది. చిమ్నీతో కలిపి మాది తొమ్మిది టన్నుల పైమాటే. అయినా మన ఎర్రనేలకు ఆ బరువు లెక్కలోది కాదు. పన్నెండు అడుగుల ఎత్తున్న సన్నటి కట్టడం ఒక పక్కకు ఒరగడమే ముప్పు. పునాది పక్కన నీరు నిలవకపోతే అదీ ఉండదు. చుట్టూ పరిచిన టైళ్లకు, గూటికి మధ్య ఒక సందు వదిలి ఇసుక నింపాం.

కొలతల దగ్గర మాత్రం నేను ఒక్క అంగుళం కూడా వదల్లేదు. నోరు 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు, అంటే 1,080 చదరపు అంగుళాలు. పొగ పోయే గొట్టం లోపలి వైశాల్యం నోటి వైశాల్యంలో పదో వంతు ఉండాలన్నది పాత సూత్రం. అది ఇంటి కప్పు దాటే పొడుగాటి చిమ్నీలకు సరిపోతుంది. పెరట్లో కట్టే పొట్టి చిమ్నీకి లాగుడు తక్కువ, కాబట్టి ఎనిమిదో వంతుకు తగ్గకూడదు. 12 అంగుళాల చదరం, అంటే 144 చదరపు అంగుళాలు పెట్టాం. పొగ మొదట దూరే గొంతు 36 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు. లెక్క చూసుకోండి, అదీ 144 వస్తుంది.

లోతు 20 అంగుళాలకు మించనివ్వలేదు. లోతుగా ఉంటే కట్టెలు ఎక్కువ పడతాయి, వేడి మాత్రం గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. కౌంట్ రమ్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త 1796లోనే ఈ గొడవ తేల్చి రాశాడు: గూడు ఎత్తుగా, తక్కువ లోతుతో ఉండాలి, పక్క గోడలు ఏటవాలుగా తెరుచుకోవాలి, గొంతు ఇరుకుగా ఉండాలి. అప్పుడు ఎర్రబడ్డ ఇటుకల వేడి ముందున్న మనుషులకు చేరుతుంది. మా వెనక గోడ 20 అంగుళాలే, నోటి దగ్గరికి వచ్చేసరికి 36కు విచ్చుకుంటుంది. గొంతు వెనక ఒక చిన్న గట్టు వదిలాం. చిమ్నీలోంచి ఒక్కోసారి కిందికి దిగే చల్లగాలి ఆ గట్టును తాకి వెనక్కి తిరుగుతుంది. గొంతుపైన 36 అంగుళాల వెడల్పు 12కు కుదించుకుపోయేచోట, గోడలు నిలువుకు 30 డిగ్రీల కన్నా ఎక్కువ వాలితే పొగ తడబడుతుంది. అంటే ఆ కుదింపుకు కనీసం 21 అంగుళాల ఎత్తు ఇవ్వాలి. “ఇంత ఎత్తు దండగ సార్, తొమ్మిది అంగుళాల్లో మూసేస్తా” అన్నాడు మేస్త్రీ. ఆ పూట అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

లోపల అంతా ఫైర్‌బ్రిక్. 230, 115, 75 మిల్లీమీటర్ల కొలతతో, ఒంటి మీద ఐఎస్ 8 అని (భారత ప్రమాణాల్లో ఎక్కువ వేడికి ఓర్చే రకం) అచ్చు ఉన్నవి తెప్పించాను. చలిమంటకు అంత రకం అక్కర్లేదు, ఐఎస్ 6 అయినా సరిపోతుంది. చేయి అలవాటు, ఏం చేస్తాం. ఒక్కో ఇటుకనూ రెండోదానితో తట్టి చూసి తీసుకున్నాను. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది.

ఇటుకల మధ్య పెట్టే ముద్ద దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఫైర్‌క్లేలో (వేడికి ఓర్చే మట్టిలో) రెండు బొచ్చెల మామూలు సిమెంటు కలిపితే గట్టిగా పట్టుకుంటుందని మేస్త్రీ అన్నాడు. ఊళ్లో అందరూ చేసేది అదే. మామూలు సిమెంటు గట్టిపడేటప్పుడు అందులో సున్నం తయారవుతుంది. 400 డిగ్రీలు దాటాక ఆ సున్నం నీటిని వదిలేసి పొడి సున్నమవుతుంది. తరువాత వాన చెమ్మ తగిలితే మళ్లీ నీరు పీల్చి ఉబ్బుతుంది. ఒకటి రెండు చలికాలాలు గడిచాక వేలితో గీకితే దర్జు, అంటే ఇటుకల మధ్య అతుకు, రాలిపోతుంది. పోనీ ఫైర్‌క్లే ఒక్కటే వాడదామా అంటే, కొలిమిలో అయితే సరిపోయేది, ఎందుకంటే అక్కడి వేడికి మట్టి కాలి రాయవుతుంది. చలిమంట గూట్లో అంత వేడి ఎప్పటికీ రాదు. మట్టి పచ్చిగానే ఉండి, మొదటి జడివానకే కారిపోతుంది. అందుకని ఫైర్‌క్లేలో హై అల్యూమినా సిమెంటు కలిపించాను. అది చల్లగానే గట్టిపడుతుంది, నీటికి కరగదు, వేడికి చెడదు. ముద్దను దోసెపిండిలా జారుగా చేసి, ఇటుకను అందులో ముంచి, పెట్టినచోట అటూ ఇటూ రుద్ది, మిగులు బయటికి పిండేయాలి. దర్జు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అరంగుళం సిమెంటు మందం మీద చేయి తిరిగిన తాపీ మేస్త్రీకి ఇది చిన్నతనంగా తోచింది. మొదటి రెండు వరుసలు నేనే పెట్టాను. మూడో వరుస దగ్గర నా చేతిలోంచి ఇటుక లాక్కున్నాడు. సాయంత్రానికి నాకన్నా సన్నగా పెడుతున్నాడు.

ఫైర్‌బ్రిక్ వెనక మామూలు ఎర్రఇటుక గోడ, దాని వెనక అంగుళం సందు, ఆ తరువాతే రాయి. ఆ సందులో 1,260 డిగ్రీలు తట్టుకునే, సిరామిక్ నారతో చేసిన దుప్పటి పెట్టాం. దాన్ని కోసేటప్పుడు మూతికి మాస్కు, చేతికి తొడుగు తప్పనిసరి, నూగు ఊపిరిలోకి పోకూడదు. లోపలి ఇటుకలు వేడెక్కి సాగితే ఆ దుప్పటి నలుగుతుంది, రాయి దాకా ఆ తోపుడు రాదు. గూటి నోటి దగ్గర ఇటుక అంచు, రాతి అంచు కలిసేచోట కూడా సిమెంటు పూయనివ్వలేదు, సిరామిక్ తాడు కూరాం. నేను చూసిన పాడైన గూళ్లలో చాలావాటికి ఈ అంగుళం సందు లేదు. మంట వేసిన ప్రతిసారీ లోపలి గోడ బయటి గోడను నెట్టింది, ముందు వైపు నిలువునా పగులు వచ్చింది.

రాతి పని మేస్త్రీ సామ్రాజ్యం. నేను దూరంగా కూర్చుని చూశాను. సైజు రాయిని ఒడిలోని బిడ్డను తిప్పినంత నిదానంగా తిప్పి చూస్తాడు, ఒక గీత దగ్గర ఉలి పెట్టి మూడు చిన్న దెబ్బలు వేస్తాడు, నాలుగోది గట్టిగా. రాయి ఆయన అనుకున్నచోటే విడుతుంది. ఎంశాండ్‌తో, అంటే రాయి మరపట్టి తీసిన ఇసుకతో, ఒక పాలు సిమెంటుకు ఒక పాలు సున్నం కలిపించాను, ఇసుక ఆరు పాళ్లు. సున్నం ఉంటే గారకు కాస్త సాగే గుణం వస్తుంది, గోడలో చేరిన చెమ్మ బయటికి పోతుంది. దర్జుల దగ్గర మళ్లీ గొడవ. మన ఊరి రాతి గోడల మీద దర్జును తాడులా ఉబ్బెత్తుగా తీర్చి నల్లరంగు వేయడం ఒక ఫ్యాషన్. ఆ ఉబ్బు మీద నీరు నిలిచి వెనక్కి దిగుతుంది. నేను దర్జును రాతి మొహానికి కొంచెం లోపలికి నొక్కించాను. రంగు వేయకపోతే పని పూర్తయినట్టు లేదని మేస్త్రీ ఇప్పటికీ అంటాడు.

నోటి మీద అడ్డరాయిగా సాదరహళ్లి గ్రానైటు దూలం పెట్టాలని అల్లుడుగారి పట్టు. పెట్టాం. అయితే మంట నాలుకలు తగిలే లోపలి వైపున ఫైర్‌బ్రిక్‌తో చిన్న ఆర్చి తిప్పి, బరువంతా దాని మీదే నిలిపాం. బయటి దూలం అందానికే. రెంటి మధ్యా అదే అంగుళం సందు.

చిమ్నీ నెత్తిన రెండంగుళాలు బయటికి వచ్చేట్టు ఒక రాతి పలక, దాని అడుగున అంచు పొడవునా వేలు దూరేంత గాడి. పైనుంచి జారిన నీరు ఆ గాడి దగ్గర తెగి నేల మీద పడుతుంది, గోడ వెంట పాకదు. గొట్టం మీద నిప్పురవ్వలు ఎగరకుండా స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ, దానికి పైన నాలుగు కాళ్ల మీద ఇంకో పలక. మంట వేసే నేల కూడా ముందుకు కొద్దిగా వాలి ఉంది. బూడిదలో నీరు నిలిస్తే క్షారమై దర్జులను తింటుంది.

పని అయిపోయిన రోజే మంట వేసి పాలు పొంగిద్దామని వియ్యపురాలు ముహూర్తం చూశారు. కొలిమికి కొత్త ఇటుకలు పేర్చాక మేం రోజుల తరబడి వంద, నూట ఇరవై డిగ్రీల దగ్గరే ఆపేవాళ్లం, చెమ్మ అంతా పోయేదాకా. ఇక్కడా అంతే. నెల రోజులు వదిలేసి, మొదట ఎండుపుల్లలతో చిన్న మంట, తరువాతి సాయంత్రాల్లో కాస్త కాస్త పెంచుతూ పోయాం. నిచ్చెనెక్కి చిమ్నీ పైన చల్లటి స్టీలు పళ్లెం పట్టుకుంటే మొదట్లో చెమ్మ బొట్లు బొట్లుగా దిగేది. పళ్లెం పొడిగా వచ్చాకే లావు కట్టె పెట్టనిచ్చాను. పాలు పొంగించే ముచ్చట గ్యాసు పొయ్యి మీదే తీరింది.

కట్టెల్లో నా ఓటు బాగా ఎండిన సరుగుడుకు, దొరికితే తుమ్మకు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వద్దు, ఆ పొగ మంచిది కాదు. ఎండాకులూ చెత్తా అందులో వేయడం చట్టరీత్యా కూడా కుదరదు. చెత్త బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించి జరిమానాలు పెట్టింది.

మొన్న మే నెలలో, వానలకు ముందు, చిమ్నీ మెడ దగ్గర రాతి దర్జులో వెంట్రుక మందం చీలిక ఒకటి కనిపిస్తే సున్నపు గారతో పూడ్పించాను. లోపలి ఇటుకలు నల్లబడ్డాయి తప్ప ఒక్క పెచ్చూ లేవలేదు. మేస్త్రీ మాత్రం ఇప్పుడు తనకు వచ్చే ఇలాంటి పనులకు ముందుగా ఫైర్‌బ్రిక్ కొనిపిస్తున్నాడని విన్నాను. దర్జులకు నల్లరంగు వేస్తూనే ఉన్నాడట.

ఈ గూటి ఫొటోలు చూసి, తమ ఇంటి డాబా మీద ఇలాంటిదే కట్టించుకుంటామని బంధువుల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. కట్టించుకోకండి. మనుషులు తిరిగే డాబాకు మన ప్రమాణాలు లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. ఈ గూడు చదరపు మీటరుకు 4,500 కిలోల దాకా మోపుతుంది. డాబా మీద చలి కాచుకోవాలంటే కాళ్లున్న ఇనుప కుంపటి కొనుక్కోండి, కింద రెండు వరసల ఇటుకలు పరవండి, వాన రాగానే లోపల పెట్టేసుకోండి.